అమ్మ ఇడ్లీ తిన్నారట!

విలేకరి: 2016 సెప్టెంబరు 22 రాత్రి తమిళనాడు ముఖ్యమంత్రి జయలలితను చెన్నై అపోలో ఆసుపత్రిలో చేర్చారు. జ్వరం, ఒంట్లో నీరు తగ్గింది, అంతకుమించి ఏమీ లేదన్నారు. అప్పట్నుంచి డిసెంబరు 5న చనిపోయేదాకా 75 రోజులు ఆమె ముఖం జనం చూడలేదు. మరుసటి ఏడాది ఆమె పార్టీ మంత్రి దిండిగల్ శ్రీనివాసన్ మదురై సభలో మైకు పట్టుకుని, అమ్మ ఇడ్లీ తిన్నారనీ టీ తాగారనీ మేం చెప్పినవన్నీ అబద్ధాలే, మన్నించండి అన్నాడు. లాయరుగారూ, నాయకుల ప్రైవసీ అని మీరు పేజీలకు పేజీలు వాదిస్తారే, అది చివరికి తేలేది ఇక్కడే.

లాయరు: అబద్ధాన్ని సమర్థించడానికి నేను రాలేదు. రోగి తన జబ్బు గురించి నోరు మెదపకపోవడం వేరు, రోగి పేరు చెప్పి చుట్టూ ఉన్నవాళ్లు కథలల్లడం వేరు. మొదటిది హక్కు. రెండోది ఆ హక్కును దొంగిలించడం. మీరు దొంగను చూపించి ఇంటి యజమానిని శిక్షించమంటున్నారు.

విలేకరి: ఇంటి యజమానికి ఏడు కోట్ల పైచిలుకు జనం బాధ్యత ఉన్నప్పుడు లెక్క మారుతుంది. అక్టోబరు 11న ఆమె శాఖలను మంత్రి పన్నీర్‌సెల్వానికి అప్పగించారు. అప్పటి గవర్నరు మన కరీంనగర్ ఆయనే, విద్యాసాగరరావుగారు. ముఖ్యమంత్రి సలహా మేరకే ఈ మార్పు అని రాజ్‌భవన్ ప్రకటన. బయటివాళ్లెవరూ చూడని మనిషి సలహా ఎలా ఇచ్చారని జనం అడిగారు. అడిగితే తప్పా? అదే నెలలో ఉప ఎన్నికలకు పార్టీ అభ్యర్థుల బీ ఫారాలు వెళ్లాయి. పార్టీ ప్రధాన కార్యదర్శిగా ఆమె సంతకం ఉండాల్సిన చోట ఎడమ బొటనవేలి ముద్ర ఉంది. తిరుప్పరంకుండ్రంలో ఆ కాగితంతో ఏ.కె. బోస్ గెలిచాడు. ఆ వేలిముద్రను ధ్రువీకరించిన తీరు సరిగా లేదని, ఎన్నిక చెల్లదని మద్రాసు హైకోర్టు 2019 మార్చిలో తేల్చింది. అప్పటికి బోస్ చనిపోయి ఏడు నెలలు దాటింది. ఇక ఆసుపత్రి బయట ఏం జరిగిందో కూడా చెప్పనివ్వండి. ఆమె ఆరోగ్యం గురించి ఫేస్‌బుక్‌లో రాసినవాళ్ల మీద పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేశారు. లోపలివాళ్లు అబద్ధాలు చెప్పుకోవచ్చు, బయటివాళ్లు అనుమానపడకూడదు.

లాయరు: వేలిముద్ర విషయంలో మీతో ఉన్నాను. అరెస్టుల విషయంలో మీకంటే ముందున్నాను. సంతకం, సలహా, ఫైలు, ఇవి పదవికి చెందినవి. వీటిమీద ఎవరికీ గోప్యత లేదు. నేను కాపాడాలనేది అంతకంటే చాలా చిన్నది. జబ్బు పేరేమిటి, ఏ మందు వాడుతున్నారు, ఎక్కడ ట్యూబు వేశారు, ఇవి ఆమెవి. పనిచేసే స్థితిలో ఉన్నారా లేదా అన్నది మాత్రం రాష్ట్రానిది.

విలేకరి: కోర్టులో ఈ మాట బాగానే నిలబడుతుంది. కానీ ఆ స్థితి ఉందో లేదో చెప్పేదెవరు? డాక్టరు చెప్పడు, ఆయన రోగికి కట్టుబడినవాడు. మంత్రివర్గం చెప్పదు, వాళ్ల కుర్చీలన్నీ ఆమె కుర్చీకే కట్టి ఉన్నాయి. రాష్ట్రపతికి అనారోగ్యం వస్తే ఉపరాష్ట్రపతి బాధ్యతలు చూడాలని రాజ్యాంగం 65వ అధికరణంలో రాసుకున్నాం. ప్రధానమంత్రికి, ముఖ్యమంత్రికి అలాంటిది ఒక్క వాక్యం లేదు. అసలు అధికారం ఉన్న చోటే ఖాళీ వదిలేశాం. ఆ ఖాళీలో దిండిగల్ శ్రీనివాసన్‌లు పుడతారు.

లాయరు: ఖాళీ ఉంది, ఒప్పుకుంటాను. అయితే మీ మందు జబ్బు కంటే మేలైనదేనా అన్నది నా ప్రశ్న. అన్నీ బయటపెట్టి చూసిన నాయకుడి కథ మన దగ్గరే ఉంది. 1984లో ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్టీ రామారావు గుండె ఆపరేషన్ కోసం అమెరికా వెళ్లారు. దాపరికం లేదు, పత్రికల్లో రోజూ వార్తలే. తిరిగొచ్చి ఊపిరి తీసుకునేలోపే, ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఆయన్ని బర్తరఫ్ చేసి, ఆయన పార్టీ నుంచే చీలిన నాదెండ్ల భాస్కరరావును గద్దె మీద కూర్చోబెట్టారు. మంచం మీదున్న మనిషి మంచం మీదున్నానని చెప్పినందుకు ఇచ్చిన బహుమతి అది. ఇది చూసిన ఏ ముఖ్యమంత్రి అయినా మళ్లీ తన ఈసీజీ బయటపెడతాడా?

విలేకరి: కథ మధ్యలో ఆపేశారు. ఆయన వీల్‌చెయిర్‌లోనే ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి జైల్‌సింగ్ ముందు కూర్చున్నారు. దేశమంతా ఆ వీల్‌చెయిర్‌ని చూసింది. సరిగ్గా నెలకి, సెప్టెంబరు 16న, మళ్లీ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆపరేషన్ సంగతి దాచి ఉంటే, ఈయన ఏదో దాస్తున్నాడు, సగం చచ్చాడు అని ఢిల్లీ ప్రచారం చేసేది. జనానికి ముందే తెలుసు కాబట్టి ఆ ప్రచారానికి తావు లేకపోయింది. ఆయన్ని పడగొట్టింది పార్టీలో చీలిక. నిలబెట్టింది జనం నమ్మకం.

లాయరు: అదృష్టం కూడా నిలబెట్టింది. అందరికీ ఎన్టీఆర్ గొంతు ఉండదు, ఆ జనం ఉండరు. మామూలు నాయకుడైతే రాంలాల్ సంతకంతోనే కథ ముగిసేది.

విలేకరి: అది నిజమే. ఆ మాట కాదనలేను.

లాయరు: సరే, బలవంతంగా చెప్పిస్తే ఏమవుతుందో చూద్దాం. ఫ్రాన్సు సంగతి తీసుకోండి. 1974లో అధ్యక్షుడు పాంపిడూ జబ్బు దాచిపెట్టి పదవిలోనే చనిపోయాడు. జనం మండిపడ్డారు. 1981లో గెలిచిన మిత్తెరాన్, నా ఆరోగ్యం గురించి ఆరు నెలలకోసారి బులెటిన్ ఇస్తానని మాటిచ్చాడు. అదే ఏడాది ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడింది. మాట తప్పలేడు, నిజం చెప్పలేడు. ఆయన సొంత డాక్టరు గ్యుబ్లర్ ఏళ్ల తరబడి అంతా బాగుందని సంతకాలు పెట్టాడు. ఏ మాటా ఇవ్వకపోయి ఉంటే ఆ దొంగ కాగితాలు పుట్టేవే కావు. చెప్పి తీరాలనే రూలు పెడితే మీకు దక్కేది నిజం కాదు, ముద్ర కొట్టిన అబద్ధం.

విలేకరి: దొంగ సర్టిఫికెట్లు పుడతాయని సర్టిఫికెట్లే వద్దంటామా? 1988లో ఫ్రెంచి వాళ్లు ఆయన్ని మళ్లీ ఏడేళ్లకు ఎన్నుకున్నారు, ఆ కాగితాలు నమ్మి. ఇక మిత్తెరాన్ పేరెత్తారు కాబట్టి పూర్తిగా చూద్దాం. ఆయనకి పెళ్లి బయట ఒక కూతురుంది. 1994లో పారీ మాచ్ పత్రిక ఫోటోలు వేసేదాకా మామూలు జనానికి తెలియదు. ఆ అమ్మాయి ఎవరికీ అన్యాయం చేయలేదు, ఆ రహస్యం ఆమె కోసం దాచారంటే నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ తల్లీకూతుళ్లు ఉన్నది ప్రభుత్వ భవనంలో. అంతకంటే పెద్ద సంగతి మరొకటి. అధ్యక్షుడి ఎలిజే భవనంలో కూర్చున్న ఒక బృందం విలేకరుల ఫోన్లు, రచయితల ఫోన్లు విన్నది. కూతురి సంగతి రాస్తానని బెదిరించిన హాలియర్ అనే రచయిత ఫోను కూడా అందులో ఉంది. 2005లో పారిస్ కోర్టు మిత్తెరాన్ అనుచరులకు శిక్షలు వేసింది. ఒక నాయకుడి ప్రైవసీ కాపాడటానికి ఎంతమంది ప్రైవసీ పోయిందో చూశారా? మామూలు మనిషి రహస్యం దాచుకుంటే తలుపు వేసుకుంటాడు. అధికారంలో ఉన్నవాడు దాచుకోవాలంటే పోలీసుల్ని పెడతాడు. తమిళనాడులో ఫేస్‌బుక్ అరెస్టులూ అదే బాపతు.

లాయరు: ఇది మీ వాదనలో అన్నింటికంటే గట్టి ముక్క. దీనికి నా దగ్గర తేలిక జవాబు లేదు. అయితే కోర్టులు ఎక్కడ గీత గీశాయో చూడండి. మిత్తెరాన్ చనిపోయిన పది రోజుల్లోనే గ్యుబ్లర్ ఆ రహస్యమంతా పుస్తకంగా వేశాడు. కుటుంబం కోర్టుకెళ్లి అమ్మకాలు ఆపించింది. 2004లో యూరప్ మానవ హక్కుల కోర్టు ఏమందంటే, దుఃఖంలో ఉన్న కుటుంబం కోసం తాత్కాలికంగా ఆపడం సబబే, శాశ్వతంగా నిషేధించడం మాత్రం తప్పు. కాలం గడిచేకొద్దీ గోప్యత పలచబడుతుంది, చరిత్ర బరువెక్కుతుంది. నాకు నచ్చిన తీర్పు అది. ఒక్కరోజులో అన్నీ తెలియాలన్న మీ తొందరే నాకు నచ్చనిది.

విలేకరి: ఓటు వేసే రోజు కూడా ఒక్కరోజే కదండీ. చరిత్ర బరువెక్కేదాకా ఓటరు క్యూలో నిలబడలేడు.

లాయరు: బాగా అన్నారు. కానీ ఓటరుకు ఏం తెలియాలో మన సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. 2002 మే 2న ఏడీఆర్ అనే సంస్థ వేసిన కేసులో ఇచ్చిన తీర్పు. క్రిమినల్ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు. పార్టీలన్నీ ఒక్కటై చట్టం తెచ్చి దాన్ని నీరుగార్చబోతే 2003లో ఆ చట్టంలో అడ్డుపడిన సెక్షన్‌నే కొట్టేసింది. నేను ఆ తీర్పుకు చేతులెత్తి దండం పెడతాను. అయితే అందులో ఏముందో చూసినట్టే, ఏం లేదో కూడా చూడండి. జబ్బు లేదు, ప్రేమ లేదు, పడకగది లేదు.

విలేకరి: నామినేషన్ల రోజుల్లో మీరెప్పుడైనా రిటర్నింగ్ అధికారి ఆఫీసు దగ్గర నిలబడ్డారా? ఫారం 26 అఫిడవిట్లు నోటీసు బోర్డుకు అంటిస్తారు. గాలికి రెపరెపలాడుతుంటాయి. నోటరీ ముద్ర పేజీ మీద పేజీ. బంగారం ఎన్ని గ్రాములో, ఏ సర్వే నంబరులో ఎన్ని సెంట్లో, బ్యాంకులో ఎంతో పైసలతో సహా ఉంటుంది. మా కుర్రాళ్లు వరసగా ఫోటోలు తీసుకుంటారు. కానీ ఆ అంకెలు నిజమా కాదా అని చూసేవాడు లేడు. అధికారి కాగితం నిండిందా లేదా అన్నదే చూస్తాడు. అబద్ధం రాస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా. ఈ సెక్షన్ కింద శిక్ష పడినవాళ్ల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టమంటే నా ఒక చెయ్యి చాలు. ఇంకోటి, అభ్యర్థిది, భార్యదో భర్తదో, ఆధారపడినవాళ్లది మాత్రమే రాయాలి. సంపాదిస్తున్న కొడుకు, పెళ్లయిన కూతురు, బావమరిది, వీళ్లెవరూ ఆ కాగితంలో ఉండరు. ఆస్తి ఎక్కడుంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

లాయరు: తెలుసు. అయినా ఆ బావమరిది ఎన్నికల్లో నిలబడలేదు. చెల్లెలు చిన్న వ్యాపారం పెట్టుకుంటే, అన్న మంత్రి అయ్యాడని ఆమె బ్యాంకు పాస్‌బుక్ నోటీసు బోర్డుకెక్కాలా? 2013లో రిసర్జెన్స్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలకూడదంది. మంచి తీర్పే. అప్పటిదాకా నరేంద్ర మోదీ భార్య గడి ఖాళీగా వదిలేవారు. 2014లో వడోదరలో నామినేషన్ వేస్తూ పేరు రాశారు. ఓటరుకు నిజం తెలిసింది, సరే. కానీ బడిపంతులుగా రిటైరై తన మానాన తాను బతుకుతున్న ఒక మనిషి ఊరికి మరుక్షణం కెమెరాలు పరుగెత్తాయి. ఆమెను అడిగారా ఎవరైనా? నాయకుడి నిజాయితీకి కట్టాల్సిన ధర ఇంకొకరి గుమ్మం దగ్గర వసూలు చేశాం.

విలేకరి: కెమెరాలు పంపింది మేమే. ఆ పాపం మాదే, తోసేసుకోను. కానీ గడి ఖాళీగా ఉన్నన్నాళ్లూ ఓటరు చదివింది అసంపూర్తి ప్రమాణపత్రం. ప్రమాణం చేసి ఇచ్చే కాగితంలో మౌనం కూడా ఒక సమాధానమే, అదీ తప్పు సమాధానం.

లాయరు: ప్రమాణపత్రంలో అయితే అవును. ఎలాగూ అఫిడవిట్ దాకా వచ్చాం కాబట్టి అరుణాచల్ కేసు చెప్పనివ్వండి. తేజు నియోజకవర్గం, అక్కడ గెలిచిన అభ్యర్థి కరిఖో క్రి. భార్యాబిడ్డల పేరిట ఉన్న ఒక స్కూటీ, ఒక మారుతి ఓమ్నీ, ఒక టీవీఎస్ మోటారు సైకిలు రాయలేదని గౌహతి హైకోర్టు ఎన్నిక రద్దు చేసింది. ఆ బళ్లు ముందే చేతులు మారాయి, రిజిస్ట్రేషన్ మాత్రం మారలేదు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ఎన్నికను నిలబెట్టింది. అభ్యర్థి బట్టలు, చెప్పులు, గిన్నెలు, పెన్నులతో సహా రాయనక్కర్లేదు, ఓటరుకు అవసరం లేని విషయాల్లో అభ్యర్థికీ ప్రైవసీ ఉంది అంది. అదే తీర్పులో, ఖరీదైన గడియారాలు దాస్తే అది వేరే సంగతి అనీ అంది. నా వాదన మొత్తం ఇదే. స్కూటీకి, లక్షల గడియారానికి తేడా తెలిసిన న్యాయం కావాలి నాకు.

విలేకరి: తేడా చూసేది ఎన్నికయ్యాక అయిదేళ్లకి, కోర్టులో. 2019 ఎన్నిక మీద 2024లో తీర్పు. అప్పటికి పదవీకాలం అయిపోవచ్చింది. మీ న్యాయం బంగారమే, కానీ చేతికందేసరికి పెళ్లి అయిపోతుంది.

లాయరు: ఇప్పుడు నేనడుగుతాను. 2009 డిసెంబరు, హైదరాబాద్ రాజ్‌భవన్. గవర్నరు ఎన్.డి. తివారీ మీద ఒక తెలుగు చానెల్ పడకగది దృశ్యాలు వేసింది. బూటకమని రాజ్‌భవన్ ఖండించింది. హైకోర్టు ఆపమంది. మర్నాడు ఆయన అనారోగ్య కారణాలు చెప్పి రాజీనామా చేశారు. ఆ రోజు టీవీల్లో కనిపించింది జర్నలిజమా?

విలేకరి: ఆ దృశ్యాలు వేయడం జర్నలిజం కాదు. అందులో ఉన్న ఆడవాళ్ల గురించి ఒక్క క్షణం ఆలోచించినవాళ్లు లేరు. ముఖాలు కప్పామని చెప్పుకున్నాం కానీ ఆ సాయంత్రం చానెళ్లలో ఉన్నది ప్రజాప్రయోజనం కాదు, పండగ. అయినా అడుగుతున్నాను, రాజ్‌భవన్ ఎవరి ఇల్లు? అక్కడ ఎవరు వస్తున్నారు, దేనికి వస్తున్నారు, బదులుగా ఏం ఆశిస్తున్నారు అన్న ప్రశ్నలు వ్యక్తిగతం కావు. బొమ్మ వేయకుండా కూడా ఆ ప్రశ్న వేయొచ్చు. మేం వేయలేదు, బొమ్మ వేశాం.

లాయరు: నాకు కావాల్సిన ఒప్పుకోలు ఇదే.

విలేకరి: అయితే మీరూ ఒకటి ఒప్పుకోవాలి. అదే తివారీగారిని, నువ్వే నా తండ్రివని ఒక యువకుడు కోర్టుకు లాగాడు. రక్తం ఇవ్వను, నా ప్రైవసీ అని ఆయన ఏళ్ల తరబడి పోరాడారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయాక 2012 మేలో డెహ్రాడూన్‌లోని ఇంట్లో రక్తం తీశారు. ఫలితమైనా బయటపెట్టొద్దని అడిగారు. జూలైలో ఢిల్లీ హైకోర్టు కవరు విప్పింది. తండ్రి ఆయనే. నాలుగుసార్లు ముఖ్యమంత్రి, కేంద్రమంత్రి, గవర్నరు. ఆయన మాట నమ్మి జీవితమంతా జనం ఓట్లేశారు. ఆ కవరు విప్పకపోతే ఒక కొడుకు జీవితాంతం అబద్ధాలకోరుగా మిగిలిపోయేవాడు.

లాయరు: ఆ కవరు విప్పాల్సిందే. నేను జడ్జినైనా విప్పేవాణ్ని. ఎందుకంటే అక్కడ ఇంకో మనిషి హక్కు ఉంది. ఒకరి గోప్యత ఇంకొకరి ఉనికిని మింగేస్తుంటే అది గోప్యత కాదు. కానీ గమనించండి, అడిగింది కొడుకు. జనం కుతూహలం కాదు. అక్కడ జనానికి హక్కు లేదనే నేనిప్పటికీ అంటాను.

విలేకరి: జనానికి లేదా? సొంత కొడుకు దగ్గర అన్నేళ్లు అబద్ధమాడగలిగినవాడు శాసనసభలో నిజమే చెబుతాడని ఎలా నమ్మమంటారు?

లాయరు: ఇంట్లో అబద్ధమాడి ఆఫీసులో పైసా ముట్టనివాళ్లున్నారు. ఏకపత్నీవ్రతుడై ఖజానా ఖాళీ చేసినవాళ్లూ ఉన్నారు. ఇంట్లో నడవడిని బట్టి ఆఫీసు నడవడి కొలవడం మొదలుపెడితే మీరు గెలిపించేది మంచివాళ్లని కాదు, మంచిగా నటించేవాళ్లని.

విలేకరి: ఆ మాట కొంత నిజమే. అయితే కొలిచే సాధనాలన్నీ ఒక్కొక్కటే లాగేస్తుంటే మిగిలేది ఆ నడవడే కదా. ఎన్నికల బాండ్ల దగ్గర కూడా దాతల ప్రైవసీ అన్నారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేయబట్టి పేర్లు బయటికొచ్చాయి. ఇప్పుడు సమాచార హక్కు చట్టం చూడండి. సెక్షన్ 8(1)(జె)లో ఒక మంచి మాట ఉండేది. పార్లమెంటుకు, శాసనసభకు నిరాకరించలేని సమాచారాన్ని మామూలు పౌరుడికీ నిరాకరించకూడదని. 2023 డేటా రక్షణ చట్టం ఆ మాటను తుడిచేసింది. 2025 నవంబరులో అమల్లోకి తెచ్చారు. ఇప్పుడక్కడ మిగిలింది ఒక్క ముక్క, వ్యక్తిగత సమాచారమైతే ఇవ్వక్కర్లేదు. మీరు 2017లో ప్రైవసీని ప్రాథమిక హక్కుగా గుర్తించిన పుట్టస్వామి తీర్పు వచ్చినప్పుడు సంబరపడ్డారు. తొమ్మిది మంది జడ్జీలు సామాన్యుడికిచ్చిన ఆ కవచం ఇప్పుడు ఎవరు తొడుక్కున్నారో చూడండి.

లాయరు: ఆ సవరణ తప్పు. ప్రైవసీని నమ్మేవాడిగానే చెబుతున్నాను. బలవంతుడికి కాపలాగా నిలబడ్డాక ఆ హక్కు మీద బలహీనుడికి నమ్మకం పోతుంది. కానీ తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. సమాచార హక్కు చట్టంలో 8(2) అలాగే ఉంది. హాని కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని.

విలేకరి: ఇవ్వొచ్చు అని. ఇవ్వాలి అని కాదు. ఇదివరకు ఎందుకు ఇవ్వకూడదో అధికారి చెప్పేవాడు, ఇప్పుడు ఎందుకివ్వాలో మనం చెప్పుకోవాలి.

లాయరు: చెప్పుకుందాం. అర్జీలోనే 8(2) ప్రస్తావించండి, ప్రజాప్రయోజనం ఏమిటో నాలుగు వాక్యాలు రాయండి. మన తెలుగు రాష్ట్రాల్లో గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో అయిదు రూపాయలు, ఆపైన పది. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. కాదంటే కారణం రాసివ్వాలి, ఆ నిబంధనను ఎవరూ ముట్టుకోలేదు.

విలేకరి: కారణం రెండే మాటలుంటుంది. వ్యక్తిగత సమాచారం.

లాయరు: అది అందిన రోజు నుంచి మొదటి అప్పీలుకు ముప్పై రోజుల గడువుంది.